నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగా ఎండిపోయిన వ్యాక్స్ తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుకి వ్యాక్స్ పెట్టాక పెయింట్ నిగనిగలాడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న నల్ల బంపర్ అంచు మీద, చక్రం పైన ఉండే క్లాడింగ్ మీద మాత్రం సున్నం చెయ్యి తగిలినట్టు తెల్లటి చారలు మిగిలిపోతాయి. చాలామంది వెంటనే ఒక పొడిగుడ్డ తీసుకుని బలంకొద్దీ రుద్దుతారు. మరక మరింత లోపలికి దిగేది అప్పుడే. ఆ తెలుపు ప్లాస్టిక్ పైన ఉండదు, దాని గరుకులో ఉన్న సన్నటి గుంతల్లో ఉంటుంది. దాన్ని మెత్తబరిచి, పైకి తెచ్చి, తిరిగి కూర్చునేలోపు తుడిచేయాలి. కింది జవాబులన్నీ ఈ మూడు పనులు ఎలా చేయాలన్నదాని గురించే.

ఇది వ్యాక్స్ మరకేనా, లేక ప్లాస్టిక్కే వెలిసిపోయిందా?

మందు కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే. వ్యాక్స్ మరక ఎప్పుడూ పెయింట్‌ని ఆనుకుని ఉన్న అంచునే ఎక్కువగా ఉంటుంది. చెయ్యి తిరిగిన దారిలో చారలుగానో, అర్ధచంద్రాకారంలోనో కనిపిస్తుంది. గోటితో మెల్లగా గీకితే గోటి కింద తెల్లటి పొడి చేరుతుంది. నీళ్ళు చల్లితే ఆ చోట చుక్కలు గుండ్రంగా నిలబడతాయి.

ఎండకి వెలిసిన ప్లాస్టిక్ అలా ఉండదు. బూడిదరంగు ముక్కంతా ఒకేలా పరుచుకుని ఉంటుంది, ఆకాశం వైపు చూసే భాగాల్లో ఎక్కువ, నీడలో ఉండే భాగాల్లో తక్కువ. నంబర్ ప్లేట్ విప్పి దాని వెనక ప్లాస్టిక్ చూడండి. అక్కడ చిక్కటి నలుపు, పక్కన బూడిదరంగు ఉంటే అది వెలిసిపోవడమే, ఎంత కడిగినా తిరిగి రాదు. గుండ్రటి వలయాల్లా మరకలుంటే అవి ఉప్పునీటి మచ్చలు. ఒక వంతు తెల్ల వెనిగర్, ఒక వంతు నీళ్ళు కలిపి తుడిస్తే అవి పోతాయి, వ్యాక్స్ పోదు. పాత కారు మీద ఈ మూడూ కలిసే ఉండొచ్చు. అప్పుడు ముందు వ్యాక్స్ తీయండి. వ్యాక్స్ పొర ఉన్నంతసేపూ తక్కినవాటికి వేసే మందు ప్లాస్టిక్‌ని తాకదు.

పెయింట్ మీద కనిపించని వ్యాక్స్ ప్లాస్టిక్ మీద తెల్లగా ఎందుకు తేలుతుంది?

పెయింట్ పైపొర అద్దంలా నున్నగా ఉంటుంది. గుడ్డతో తుడిస్తే మిగులు అంతా వచ్చేసి, కంటికి కనిపించని పల్చటి పొర మాత్రమే మిగులుతుంది. బంపర్లకి, క్లాడింగ్‌కి వాడే ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపైలీన్ రకం. దాని మీద తోలు మీద గీతల్లాంటి గరుకు కావాలనే అచ్చులో పోస్తారు. టార్చిలైటు పక్కనుంచి వేసి దగ్గరగా చూస్తే చిన్న చిన్న గుంతలు, వాటి మధ్య గట్లు కనిపిస్తాయి. గుడ్డ గట్ల మీదుగా జారిపోతుంది, వ్యాక్స్ గుంతల్లో ఉండిపోయి ఎండుతుంది.

ఇంకో సంగతి ఉంది. పాలిష్‌లోనూ, శుభ్రం చేస్తూ మెరుపునిచ్చే వ్యాక్స్‌లోనూ మైనంతోపాటు అల్యూమినియం ఆక్సైడ్ లాంటి సన్నటి రాపిడి పొడి ఉంటుంది. మైనం ద్రావకంలో కరుగుతుంది, ఈ పొడి కరగదు. అందుకే కొన్ని మరకలు ఏ మందు వేసినా సగమే పోయి ఆగిపోతాయి. మైనం వచ్చేసింది, పొడి మిగిలింది అని అర్థం. ఆ పొడిని బ్రష్షూ నురగా కలిసి ఎత్తి బయట పడేయాల్సిందే.

కడిగినప్పుడు పూర్తిగా పోతుంది, ఆరగానే మళ్ళీ వస్తుంది. ఎందుకని?

అది అసలు పోలేదు. గుంతలు నీళ్ళతో నిండినప్పుడు వెలుతురు చెదరడం తగ్గి తెలుపు కనిపించదు, అంతే. నూనె రాసినా ఇదే జరుగుతుంది, కాకపోతే నూనె ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి మోసం ఎక్కువకాలం సాగుతుంది. కనుక ఫలితాన్ని ఎప్పుడూ ప్లాస్టిక్ పూర్తిగా ఆరాకే చూడండి. తొందరగా తెలియాలంటే ఒక చిన్న భాగం మీద హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి ఒక నిమిషం పట్టండి.

పనికి ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కారు షాంపూ, ఆల్ పర్పస్ క్లీనర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి కుచ్చు ఉన్న పళ్ళ బ్రష్షులు రెండు, కనీసం ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, 24 మిల్లీమీటర్ల వెడల్పు మాస్కింగ్ టేపు, చేతి తొడుగులు, టార్చిలైటు. మొండి మరకలకి తారు మరకలు తీసే ద్రవం ఒక చిన్న సీసా. గుడ్డల సంఖ్య దగ్గర పిసినారితనం వద్దు. మురికిగుడ్డతో తుడిస్తే తీసిన వ్యాక్స్‌నే పక్క గుంతల్లో మళ్ళీ పూసినట్టు.

సరైన పద్ధతి మొదటినుంచి చివరిదాకా చెప్పండి.

కారు నీడలో ఉండాలి, ప్లాస్టిక్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. ఎండలో క్లీనర్ నిమిషంలో ఆరిపోయి, వ్యాక్స్ మరక మీద క్లీనర్ మరక కూడా తోడవుతుంది. ముందు షాంపూతో మామూలుగా కడిగి దుమ్ము వదిలించండి. ఇసుక ఉండగా బ్రష్ పెడితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ పక్కనున్న పెయింట్ అంచుకి టేపు అంటించి, దాని అంచుని గోటితో నొక్కండి.

ఒకసారికి ఒక అడుగు మేరే పట్టండి. క్లీనర్‌ని నేరుగా ప్లాస్టిక్ మీద కాకుండా బ్రష్ మీదా గుడ్డ మీదా చల్లుకుంటే పెయింట్ మీదికి చెదరదు. ప్లాస్టిక్‌ని తడిపి ఒక నిమిషం ఆగండి. ఈ నిమిషంలోనే మైనం మెత్తబడుతుంది, చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుంటారు. తర్వాత బ్రష్‌ని వాలుగా పట్టుకుని, కుచ్చు కొసలు మాత్రమే గుంతల్లోకి దిగేలా, చిన్న చిన్న సున్నాలు చుడుతూ 20 నుంచి 30 సెకన్లు తిప్పండి. అదిమితే కుచ్చు పక్కలకి వంగిపోతుంది, కొసలు లోపలికి దిగవు. మొదట నురగ తెల్లగా ఉంటుంది. కాసేపటికి పలచబడ్డ మజ్జిగలా మారితే వ్యాక్స్ పైకి వస్తోందని గుర్తు.

నురగ ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయండి. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ప్రతి తుడుపుకీ కొత్త మడత తిప్పండి. గుడ్డని అటూ ఇటూ రుద్దకుండా ఒకే దిక్కుకి లాగండి. తర్వాత నీళ్ళతో కడిగి ఆరబెట్టి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. కొత్త మరక సాధారణంగా ఒకటి రెండు విడతల్లో పోతుంది. నెలల తరబడి ఉన్నదానికి మూడు నాలుగు పట్టొచ్చు. విడతకి విడతకి మధ్య బ్రష్‌ని కడగడం మరవద్దు.

క్లీనర్‌లో నీళ్ళు ఎంత కలపాలి?

మొదట ఒకటికి పది. అరలీటరు సీసాకైతే 45 మిల్లీలీటర్ల క్లీనర్, 455 మిల్లీలీటర్ల నీళ్ళు. దానికి లొంగకపోతే ఒకటికి నాలుగు, అంటే 100 మిల్లీలీటర్లకి 400. సీసాలో ముందు నీళ్ళు, ఆ తర్వాత క్లీనర్ పోస్తే నురగ పొంగదు. మీ సీసా మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి, ఎందుకంటే చిక్కదనం ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది. ఇంతకంటే చిక్కగా వాడినా పని వేగంగా జరగదు. కడగడం కష్టమవుతుంది, క్లీనరే చారలుగా మిగులుతుంది.

గిన్నెలు కడిగే లిక్విడ్ సరిపోదా?

తాజా మరకకి, గోరువెచ్చటి నీళ్ళూ బ్రష్షూ తోడైతే కొంతవరకు సరిపోతుంది. ఎండిన మైనాన్ని అది కరిగించలేదు.

మూడు విడతలు చేసినా పోలేదు. ఇప్పుడు?

క్లీనర్‌తో పని అయిపోయింది, ద్రావకం వైపు వెళ్ళాలి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 70 శాతం సీసాలో సమానంగా నీళ్ళు కలిపితే 35 శాతం వస్తుంది. 99 శాతం సీసా అయితే ఒక వంతుకి రెండు వంతుల నీళ్ళు. ఇది జిడ్డునీ నూనెనీ బాగా తీస్తుంది, మైనాన్ని మాత్రం కొంతే కదిలిస్తుంది. త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి అరచేయంత చోటే పట్టండి.

దానికీ కదలకపోతే తారు మరకలు తీసే ద్రవం. ఇది పెట్రోలియం ద్రావకం, గట్టి మైనాన్ని నిజంగా కరిగించేది ఇదే. బంపర్ అడుగున, కనిపించని మూల ఒక చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగండి. రంగు మారకుండా, ఉపరితలం జిగటగా తగలకుండా ఉంటేనే ముందుకు సాగండి. గుడ్డకి కొద్దిగా పట్టించి మరక మీద అద్ది, 30 నుంచి 60 సెకన్లు ఉంచి, బ్రష్ ఆడించి తుడవండి. ఆ వెంటనే ఒకటికి పది క్లీనర్‌తో మళ్ళీ కడగాలి. ఈ చివరి కడుగు వదిలేస్తే కరిగిన మైనం ద్రావకం ఆవిరయ్యాక అవే గుంతల్లో మళ్ళీ గడ్డకడుతుంది. ‘ఖరీదైన మందు కూడా పనిచేయలేదు’ అనే మాటల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ వదిలేసిన కడుగే.

ద్రావకాలన్నీ గాలి ఆడే చోట, నిప్పుకి దూరంగా వాడాలి. తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకుండా ఆరుబయట విప్పి ఆరబెట్టండి.

పీనట్ బటర్ రాస్తే పోతుందంటారు, నిజమేనా?

కొంత నిజం ఉంది. అందులోని నూనె మైనాన్ని మెత్తబరుస్తుంది, పలుకులు మెల్లగా రాపిడి చేస్తాయి. కానీ పని అయ్యాక గుంతల్లో నూనె మిగులుతుంది, మరక పోయిందో నూనె కింద దాక్కుందో చెప్పలేం. దుమ్ము అంటుకుంటుంది, చీమలు పడతాయి, వేరుశనగ పడనివాళ్ళు ఆ కారు తాకితే ప్రమాదం కూడా. అదే పని ఇంతకంటే శుభ్రంగా చేసే మందులు ఉండగా దీన్ని మేము సూచించం. ఇప్పటికే రాసి ఉంటే క్లీనర్‌తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, అప్పుడు చూడండి.

పెన్సిల్ రబ్బరు, మెలమైన్ స్పాంజి వాడొచ్చా?

పెన్సిల్ రబ్బరు చిన్న మరకలకి చాలా మంచి పనిముట్టు. బొటనవేలంత చార ఒకటి రెండు ఉంటే క్లీనర్లన్నీ బయటికి తీయడం దండగ. మెత్తటి తెల్ల రబ్బరుతో, పొడిగా, మెల్లగా రుద్దండి. రబ్బరు అరుగుతూ వచ్చే నలకలు గుంతల్లోని పొడిని పట్టుకుని బయటికొస్తాయి. నలకల్ని బ్రష్‌తో దులిపేసి తడిగుడ్డతో తుడిస్తే చాలు. సిరా చెరిపే గరుకు రబ్బరు మాత్రం వద్దు, దానిలో రాపిడి పొడి ఉంటుంది.

మెలమైన్ స్పాంజి చేతికి మెత్తగా తగులుతుంది కానీ అది సన్నటి గరుకు కాగితం లాంటిదే. నాలుగు రుద్దులు రుద్దితే గరుకు గట్లు అరిగి, ఆ చోట నున్నగా మెరుస్తుంది. వ్యాక్స్ మచ్చ తీయొచ్చు, మెరుపు మచ్చని తీయలేం. గత్యంతరం లేకపోతే బాగా తడిపి, బరువు వేయకుండా, రెండు మూడు తుడుపులతో ఆపేయండి.

వేడి చేస్తే మైనం కరిగి బయటికి రాదా?

వస్తుంది, కానీ ఎంత వేడి అన్నదే సమస్య. వ్యాక్స్ డబ్బాల్లో ఉండే పారఫిన్ దాదాపు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, కార్నుబా 82 నుంచి 86 డిగ్రీల దగ్గర. అంటే చెయ్యి పెట్టగలిగినంత వేడినీళ్ళు పారఫిన్‌ని మెత్తబరుస్తాయి, కార్నుబాని కరిగించలేవు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డని రెండు నిమిషాలు మరక మీద పరిచి, వెంటనే క్లీనరూ బ్రష్షూ పట్టడం మంచి పద్ధతి. ఏ ప్రమాదమూ లేదు, విడతల సంఖ్య తగ్గుతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా ఇలాగే వాడొచ్చు, జానెడు దూరంలో ఆడిస్తూ ఉండాలి.

హీట్ గన్ సంగతి వేరు. దాని గాలి కొన్ని వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. పాలీప్రొపైలీన్ 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, అంతకంటే చాలా ముందే మెత్తబడి వంగుతుంది. ఒకేచోట కొన్ని సెకన్లు ఆగితే గరుకు కరిగి నున్నటి మెరుపు మచ్చ పడుతుంది. పక్కనున్న పెయింట్ ఉబ్బొచ్చు, లోపలి క్లిప్పులు సాగొచ్చు. దానితో వేడిచేస్తే వెలిసిన ప్లాస్టిక్ నల్లబడే వీడియోలు చూసి, వ్యాక్స్ మరక మీద ప్రయత్నించేవాళ్ళున్నారు. ఆ నలుపు కూడా చాలాసార్లు కొన్ని నెలలకే తగ్గిపోతుంది. వ్యాక్స్ విషయంలో అయితే కరిగిన మైనాన్ని తుడిచేలోపే అది ఇంకా లోతుగా దిగుతుంది.

పెట్రోల్, కిరోసిన్, థిన్నర్, డబ్ల్యూడీ-40?

పెట్రోల్ వద్దు. దాని ఆవిరి క్షణంలో అంటుకుంటుంది, ఈ పనికి అంత సాహసం అనవసరం. థిన్నర్, గోళ్ళరంగు తీసే అసిటోన్ కూడా వద్దు. పాలీప్రొపైలీన్ వాటికి ఓర్చుకోవచ్చు గానీ, కారు మీద అన్నీ ఒకే ప్లాస్టిక్ కావు. అద్దాల గూళ్ళు, గ్రిల్ లాంటివి ఏబీఎస్ రకం, హెడ్‌లైట్ అద్దం పాలీకార్బొనేట్. అసిటోన్ ఒక చుక్క పడినా ఏబీఎస్ మెత్తబడి పాడవుతుంది, పాలీకార్బొనేట్ పొగలా తెల్లబడి పగుళ్ళు తేలుతుంది. పెయింట్ కూడా దెబ్బతింటుంది.

కిరోసిన్, డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న, తుప్పు పట్టిన బోల్టుల మీద కొట్టే నూనె స్ప్రే) మైనాన్ని మెత్తబరుస్తాయి. ఇంట్లో వేరేమీ లేకపోతే డబ్ల్యూడీ-40ని గుడ్డకి కొద్దిగా పట్టించి వాడొచ్చు. కానీ నూనె పొర వదులుతుంది, తర్వాత క్లీనర్‌తో బాగా కడగాలి. కడగకుండా చూసి ‘నల్లగా అయింది’ అనుకోవడం పైన చెప్పిన పొరపాటే. బ్లీచింగ్ ద్రవాలు మాత్రం ఏ క్లీనర్‌తోనూ కలపవద్దు. వెనిగర్‌తోనో అమోనియా ఉన్నవాటితోనో కలిస్తే విషవాయువులు పుడతాయి.

గుడ్డకి నలుపు అంటుతోంది. ప్లాస్టిక్ అరిగిపోతోందా?

లేత నలుపు అయితే కంగారు పడొద్దు. పాత డ్రెస్సింగ్ (ప్లాస్టిక్ నల్లగా కనిపించడానికి రాసే ద్రవం), మురికి, ఎండకి పొడిబారిన పైపొర కలిసి వస్తుంటాయి. రెండో విడతలో అది తగ్గాలి. ప్రతి విడతకీ అదే స్థాయిలో, లేదా ఎక్కువగా వస్తుంటే ఆపేయండి. మందు ఘాటైనా అయి ఉండాలి, మీ చెయ్యైనా బలంగా పడుతూ ఉండాలి. రంగు పూసిన ముక్క కూడా అయి ఉండొచ్చు. కొన్ని కార్లలో నల్ల భాగాలు సహజంగా నల్లటి ప్లాస్టిక్ కావు, పైన మాట్ నలుపు పెయింట్ వేసినవి. వాటి మీద ద్రావకం అసలు వాడకూడదు, ఒకటికి పది క్లీనర్‌తోనే ఓపిగ్గా పని కానివ్వాలి.

అద్దంలా మెరిసే నల్ల ప్లాస్టిక్ మీద కూడా ఇదే పద్ధతా?

కాదు. కిటికీల మధ్య స్తంభాల మీద ఉండే నున్నటి నలుపు మీద గుంతలే లేవు, అందుకని బ్రష్ పనిలేదు. పెడితే సన్నగీతలు పడి ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. 35 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఒకసారి, శుభ్రమైన పొడిగుడ్డతో ఒకసారి, ఒత్తిడి లేకుండా తుడిస్తే చాలు.

కిటికీ రబ్బర్ల మీద పడితే?

ఒకటికి పది క్లీనర్, మెత్తటి బ్రష్, అంతే. పెట్రోలియం ద్రావకాలు ఈ రబ్బర్లని ఉబ్బిస్తాయి. ఉబ్బిన రబ్బరు గాడిలో సరిగ్గా కూర్చోదు, ఆ తర్వాత వానకి లోపలికి నీరు కారుతుంది.

పక్కనున్న పెయింట్ మీది వ్యాక్స్ కూడా పోతుందా?

మందు తగిలినంత మేర పలచబడుతుంది, ద్రావకమైతే పూర్తిగా పోతుంది. టేపు వేయమన్నది ఇందుకే. పోయినా నష్టమేమీ లేదు, వేలెడంత అంచుకి మళ్ళీ వ్యాక్స్ పెట్టుకోవచ్చు. ఈసారి టేపుని ప్లాస్టిక్ వైపు అంటించండి.

డ్రెస్సింగ్ రాసి మరక కప్పేస్తే కాదా?

కొద్దిరోజులు కనిపించదు. నాలుగు వానలకో నాలుగు కడుగులకో డ్రెస్సింగ్ పోతుంది, మరక అక్కడే ఉంటుంది. ఈసారి మధ్యలో సిలికాన్ నూనె పొర కూడా చేరడంతో తీయడం ఇంకా కష్టం. ముందు పూర్తిగా తీసి, 35 శాతం ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, బాగా ఆరాక రాయండి. గంట ఆగినా మంచిదే, గుంతల్లో తడి ఉంటే డ్రెస్సింగ్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. నాలుగైదు చుక్కలు స్పాంజి మీద వేసుకుని రాసి, పది నిమిషాలయ్యాక మిగులు తుడిచేయాలి. తుడవకపోతే వానలో పెయింట్ మీదికి కారుతుంది.

ప్లాస్టిక్‌కి వేసే సిరామిక్ కోటింగ్ అయితే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. దాని కింద ఇసుమంత వ్యాక్స్ ఉన్నా అతుక్కోదు, అతుక్కున్నచోట మాత్రం ఆ తెల్లచారని శాశ్వతంగా బిగించేస్తుంది.

మళ్ళీ పడకుండా ఏం చేయాలి?

వ్యాక్స్ పెట్టేముందు గరుకు ప్లాస్టిక్ అంచులన్నిటికీ టేపు వేయండి. కారంతా చుట్టడానికి పది పదిహేను నిమిషాలు, మరక తీయడానికి పట్టేది ఒక పూట. టేపుని ఎండలో వదిలేయకండి, జిగురు కరిగి అదో మరక అవుతుంది. పని అవగానే వాలుగా, మెల్లగా లాగండి. పాలిషింగ్ మెషిన్ వాడేటప్పుడు ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించాకే స్విచ్ నొక్కాలి. గాల్లో తిప్పితే వ్యాక్స్ చుక్కలు వైపర్ల కింద ప్లాస్టిక్ దాకా చిమ్ముతాయి. మెషిన్‌ని అంచుకి అంగుళం దూరంలో ఆపి, ఆ మిగిలిన చోటు చేత్తో పూయండి. ఇంకొకటి, వ్యాక్స్ ఎంత ఎక్కువ పెడితే అంత రక్షణ అనుకోవద్దు. ఎక్కువైనదంతా తుడుపుకే పోతుంది, లేదా గుంతల్లో చేరుతుంది. డబ్బా మీద ‘ప్లాస్టిక్ మీద తెల్లబడదు’ అని ఉన్న రకాలు దొరుకుతాయి. వాటిలో సాధారణంగా రాపిడి పొడి ఉండదు.

ఇప్పుడే, పని మధ్యలో, ప్లాస్టిక్ మీద పడింది. వెంటనే ఏం చేయాలి?

చేతిలో ఉన్న వ్యాక్స్ గుడ్డతో తుడవద్దు, అది ఇంకా పూస్తుంది. శుభ్రమైన వేరే గుడ్డని తడిపి, పిండి, ఆ చుక్కని అద్ది పైకెత్తండి. రుద్దకుండా రెండు మూడుసార్లు, ప్రతిసారీ కొత్త మడతతో. తడిగా ఉన్న వ్యాక్స్ అరనిమిషంలో వచ్చేస్తుంది. కొంచెం మసక మిగిలితే షాంపూ నీళ్ళలో ముంచిన బ్రష్ అక్కడికక్కడే పట్టండి. తడిగుడ్డ ఒకటీ బ్రష్షూ పక్కన పెట్టుకున్నాకే వ్యాక్స్ డబ్బా మూత తీయండి.